సూఫీల ఇష్క్‌లో మనిషి ప్రేమకు పనేమిటి?

ఔహదుద్దీన్ కిర్మానీ అనే సూఫీ గురువును బగ్దాదులో షమ్స్ తబ్రేజీ అనే మరో సూఫీ కలిశాడు. "ఏం చేస్తున్నావు?" అని అడిగితే, "పళ్లెంలో నీళ్లు పోసి చందమామను చూస్తున్నాను" అన్నాడట కిర్మానీ. "మెడ మీద సెగ్గడ్డ లేవలేదు కదా, తలెత్తి ఆకాశంలోనే చూడొచ్చుగా?" అని షమ్స్ ఎదురడిగాడు. 14వ శతాబ్దంలో కొన్యాలో అఫ్లాకీ రాసిన గురుచరిత్రల్లో ఉన్న ముచ్చట ఇది. పళ్లెంలో నీడ మనిషి అందం, ఆకాశంలోది దేవుడి అందం. అఫ్లాకీ సూఫీ కవి రూమీ పరంపరవాడు, రూమీకి షమ్స్ అంటే ప్రాణం. అందుకే ఈ కథలో పైచేయి షమ్స్‌ది. కిర్మానీ వైపు వాదం వినాలంటే ఆయన పేరిట నిలిచిన ఒక రుబాయీ (నాలుగు పాదాల పద్యం) చూడాలి. ఈ లోకమే రూపాల లోకం, మనమూ రూపాల్లోనే ఉన్నాం, అర్థాన్ని రూపంలో తప్ప ఇంకెక్కడా చూడలేం అని దాని సారం.

తెలుగులో సూఫీ ప్రేమ గురించి రాసేవాళ్లు మామూలుగా ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు: ఇష్కె మజాజీ, అంటే మనుషుల మధ్య ప్రేమ, కింది మెట్టు, ఇష్కె హకీకీ, అంటే దేవుడి మీద ప్రేమ, పై మెట్టు. 'మజాజ్ హకీకత్‌కు వంతెన' అన్న అరబ్బీ నానుడిని దీనికి జోడిస్తారు. నానుడి పాతదే, సూఫీలు నిజంగా వాడిందే. కానీ వంతెన దాటాక వెనక్కి చూడొచ్చా, అసలది వంతెనేనా, ఎంతమంది దాని మీదే కాపురం పెట్టారు అన్న దగ్గర వాళ్లలో వాళ్లకే శతాబ్దాల పాటు తగువు నడిచింది. ఆ తగువుల్లో ఎవరిని ప్రేమిస్తున్నావన్న ప్రశ్న తొందరగానే పక్కకు పోతుంది. ఆ ప్రేమలో పడ్డాక నువ్వెంత మిగిలావు అన్నదాని మీదే చర్చంతా తిరుగుతుంది.

దేవుణ్ని ప్రేమించవచ్చా?

ఇప్పుడు వింతగా తోస్తుంది గానీ మొదటి శతాబ్దాల్లో గొడవంతా ఇక్కడే. ప్రేమ పుట్టాలంటే ఇద్దరి మధ్య ఏదో పోలిక ఉండాలి. సృష్టించినవాడికీ సృష్టికీ పోలికే లేదు. కాబట్టి దేవుణ్ని ప్రేమించడమంటే ఆయన ఆజ్ఞ పాటించడమే తప్ప మరో అర్థం లేదని కలామ్ (మతతర్కం) పండితుల్లో పలువురు వాదించారు. సూఫీలు దీనికి ఖురాన్ 5వ సూరా 54వ ఆయతును చూపేవారు: "ఆయన వారిని ప్రేమిస్తాడు, వారు ఆయనను ప్రేమిస్తారు." అందులో వరుసను వాళ్లు గట్టిగా పట్టుకున్నారు. ముందు ప్రేమించింది దేవుడు, మనిషిది బదులు మాత్రమే. అంటే ప్రేమ మనిషి సాధించే ఘనకార్యం కాకుండా పోయింది. తర్వాతి సిద్ధాంతాలన్నీ ఈ వరుస మీదే నిలబడ్డాయి.

బస్రా నగరపు రాబియా (మరణం 801) పేరిట చెప్పే చిన్న పద్యంలో రెండు ప్రేమల ప్రస్తావన ఉంది. చాలామంది దాన్ని లౌకిక ప్రేమ, దైవ ప్రేమ అని చదివేస్తారు. పద్యంలో రెండూ దేవుడి మీదే. ఒకటి తన ఇష్టం కొద్దీ పుట్టిన ప్రేమ, అందులో ఆయన తలపు తప్ప మరేదీ పట్టదు. రెండోది ఆయన అందుకు తగినవాడు కనుక పుట్టినది, అందులో ఆయనే తెర తొలగించి కనిపిస్తాడు. రెండిట్లోనూ నాకు దక్కాల్సిన మెప్పేమీ లేదంటుంది చివరి పాదం. స్వర్గం మీద ఆశ, నరకమంటే భయం రెండూ లేని భక్తిని రాబియా పేరుతో చెప్పుకుంటారు. దేవుడి మీద ప్రేమలో కూడా 'నా ఇష్టం' అనే పాలు ఉంటుందని ఆ పద్యం దాచకుండా ఒప్పుకుంటుంది. తర్వాతి వాళ్లు అంత నిజాయితీగా ఒప్పుకోలేదు.

ఆ తర్వాతి గొడవ ఇష్క్ అనే మాట మీద. ఖురాన్‌లో ప్రేమకు 'హుబ్బ్' ఉంది, 'ఇష్క్' లేదు. ఇష్క్ అంటే హద్దు దాటిన ప్రేమ, వైద్యులు జబ్బుల్లో లెక్కగట్టినది. అలాంటి మాటను దేవుడికి అంటగట్టడమేమిటని 9వ శతాబ్దం రెండో సగంలో బగ్దాదులో గులామ్ ఖలీల్ అనే బోధకుడు సూఫీల మీద ఫిర్యాదు చేశాడు. "నేను దేవుడికి ఆషిక్‌ని (ఇష్క్‌లో పడ్డవాణ్ని), ఆయన నాకు ఆషిక్" అన్నాడన్నది నూరీ అనే సూఫీ (మరణం 907) మీద నేరం. తల నరికే చోట నూరీ తోటివాళ్లను దాటుకుని ముందుకొచ్చి నిలబడ్డాడని, తన ప్రాణం పోయేలోపు వాళ్లు ఇంకో రెండు క్షణాలు బతుకుతారని తలారితో చెప్పాడని పాత గ్రంథాలు రాస్తాయి. విచారణ మళ్లీ జరిగి అందరూ బయటపడ్డారు. దేవుణ్ని ప్రేమించినందుకు పట్టుబడ్డ మనిషి ఆ ప్రేమకు సాక్ష్యంగా చూపింది స్నేహితుల మీద ప్రేమ. సూఫీ గ్రంథకర్తలు ఈ ఉదంతాన్ని అంతగా తలచుకోవడానికి కారణం అదే.

అబూ హామిద్ గజాలీ (మరణం 1111) ఈ గొడవను పండితుడి పద్ధతిలో తేల్చాడు. ఆయన రాసిన 40 భాగాల గ్రంథం 'ఇహ్యా'లో 36వ భాగం ప్రేమ గురించే. మనిషి దేన్నైనా ప్రేమించడానికి ఐదు కారణాలు చెప్పాడు: తన ఉనికి మీద మమకారం, తనకు మేలు చేసినవాడి మీద ఇష్టం, తనకేమీ చేయకపోయినా లోకానికి మేలు చేసేవాడి మీద గౌరవం, అందం అందమైనందుకే కలిగే ఇష్టం, ఇద్దరి మధ్య పైకి కనిపించని ఏదో పొంతన. ఈ ఐదూ పూర్తిగా కుదిరేది దేవుడొక్కడి విషయంలోనే కాబట్టి ప్రేమకు నిజంగా తగినవాడు ఆయనే అని తేల్చాడు. పోలిక లేదన్న పాత అభ్యంతరానికి ఐదో కారణమే జవాబు. తెలుసుకోనిదాన్ని ఎవరూ ప్రేమించలేరు గనుక ప్రేమ జ్ఞానానికి కాసే పండు అన్నాడు. కట్టుదిట్టమైన వాదమే, కాకపోతే ఇందులో ప్రేమించేవాడికి ఏ ప్రమాదమూ లేదు. ఆ ప్రమాదం సంగతి ఆయన తమ్ముడు రాశాడు.

హమ్మామ్ కొలిమివాడి కథ

1095లో అన్న బగ్దాద్ నిజామియా మదరసాలో పాఠాలు మానేసి వెళ్లిపోయినప్పుడు కొన్నాళ్లు ఆ పీఠంలో కూర్చున్నవాడు తమ్ముడు అహ్మద్ గజాలీ (మరణం 1126). ప్రేమ గురించి చిన్న చిన్న తునకలుగా పారసీలో 'సవానిహ్' రాశాడు. అందులో దేవుడి ప్రేమ ఇది, మనిషి ప్రేమ ఇది అని గీత గీయడు. కావాలనే గీయలేదు.

అందులో ఒక కథ. హమ్మామ్‌లో (ఊరి స్నానశాలలో) కొలిమికి మంటవేసే ఒక కూలీ రాజు మీద మనసు పడతాడు. రాజుకు తెలిసి శిక్షించబోతే, ప్రేమ వాడి చేతిలో లేనిది, దానికి శిక్షించడం న్యాయం కాదని వజీరు ఆపుతాడు. ఆ రోజు నుంచి రాజు ఊరేగింపు ఆ దారిన వెళ్లినప్పుడల్లా కొలిమివాడు అక్కడ కూర్చుని ఉంటాడు. రాజు తన హొయలుతో సాగిపోతుంటాడు. ఒకరోజు రాజు వచ్చేసరికి వాడు ఆ చోట లేడు. రాజు చూపులో ఒయ్యారం ఉంది, దాన్ని అందుకునే దీనుడు లేడు. రాజు ముఖం వాడిపోతుంది. వజీరు అది కనిపెట్టి చెబుతాడు: వాడిని శిక్షించవద్దని, వాడి వల్ల నష్టం లేదని అప్పుడన్నాం, ఇప్పుడు తెలిసింది, వాడి దీనత్వం ఉండి తీరాలని.

పారసీలో ఈ రెండు కొసలకూ పేర్లున్నాయి. ప్రియుడి బెట్టు 'నాజ్', ప్రేమించేవాడి దీనత్వం 'నియాజ్'. తక్కెడకు రెండు సిబ్బెల్లా ఇవి కలిసే పనిచేస్తాయి. అందానికి తన అందం తెలియాలంటే ఎదుట ఒక ఆషిక్ ఉండాలి. ఇదే మాటను నేరుగా దేవుడి గురించి అంటే దేవుడికి కొరత అంటగట్టినట్టవుతుంది. 'నేను దాగి ఉన్న నిధిని, తెలియబడాలని ఇష్టపడ్డాను, అందుకే లోకాన్ని సృష్టించాను' అని దేవుడి నోట పలికించే వాక్యాన్ని సూఫీలు పదే పదే ఉదహరించేది ఈ చోటే. హదీసు (ప్రవక్త పలుకుల) పండితులు దాన్ని ప్రామాణికంగా ఒప్పుకోలేదు. సూఫీ సిద్ధాంతకర్త ఇబ్న్ అరబీ అంతటివాడు కూడా అది పరంపరగా అందిన పాఠం వల్ల కాదు, అంతర్దృష్టి వల్ల నిజమని చెప్పాల్సి వచ్చింది. కొలిమివాడి కథకు ఆ చిక్కు లేదు. అది రాజు కథ, అంతే.

ప్రేమ ముదిరే క్రమాన్ని అహ్మద్ గజాలీ మజ్నూ ద్వారా కొలిచి చూపాడు. మజ్నూ చాలా రోజులు పస్తుండి ఒక జింకను పట్టి వెంటనే వదిలేశాడు, దానిలో లైలా పోలిక ఏదో కనిపించిందని. వినేవాళ్లకు ఇది ప్రేమకు పరాకాష్ఠ అనిపిస్తుంది. గజాలీ లెక్కలో ఇది ఇంకా ఓనమాలే. మొదట్లో ఆషిక్‌కు ఎటు చూసినా పోలికలే; ప్రేమ పండాక లైలాకు పోలిక ఎక్కడా దొరకదు, వెతకడమూ మానేస్తాడు. తర్వాతి కథలో మజ్నూ బంధువులు లైలా వాళ్లను బతిమాలి ఒక్కసారి చూడనిమ్మంటారు. చూడనివ్వడానికి మాకేం, వాడే తట్టుకోలేడంటారు వాళ్లు. గుడారపు తెర ఎత్తారు. లైలా నీడైనా పడకముందే మజ్నూ మూర్ఛపోయాడు. ఇంకో మెట్టు ఇబ్న్ అరబీ చెప్పిన కథలో ఉంది. లైలాయే స్వయంగా వస్తే, "వెళ్లిపో, నీ మీది ప్రేమ నాకు నిన్ను కూడా మరిపించింది" అన్నాడు మజ్నూ. అక్కడ లైలా కూడా అడ్డే. ఆషిక్, మాషూక్ (ప్రేమ అందుకునేవాడు) ఇద్దరూ ఇష్క్ నుంచి పుట్టినవాళ్లే తప్ప ఇష్క్ వాళ్ల నుంచి పుట్టింది కాదన్న అహ్మద్ గజాలీ సిద్ధాంతం ఈ మూడు కథలు వరుసగా పెడితే తప్ప బోధపడదు.

వంతెన మీద ఎంతసేపు

హెరాత్‌కు చెందిన కవి జామీ 1483లో రాసిన 'యూసుఫ్ జులేఖా' ముందుమాటలో ఒక మురీద్ (శిష్యుడు) పీర్ (గురువు) దగ్గరికి దారి అడగడానికి వస్తాడు. ప్రేమలో ఎప్పుడూ పడలేదా, అయితే వెళ్లి ఎవరినైనా ప్రేమించి అప్పుడు రా అంటాడు పీర్. వెంటనే ఒక హెచ్చరిక: రూపం దగ్గర ఆగిపోకు, ఈ వంతెనను తొందరగా దాటు. మొదటి సగాన్ని అందరూ ఉదహరిస్తారు, రెండో సగాన్ని వదిలేస్తారు.

ఎందుకు పంపాలి అన్నదానికి పీర్ల తర్కం సూటిగా ఉంటుంది. ప్రేమించని మనసు వంద కోరికల మధ్య చెదిరి ఉంటుంది. ఒక్క మనిషి మీద ఇష్క్ పుడితే మిగతా తొంభైతొమ్మిదీ వాటంతటవే రాలిపోతాయి. నిద్ర, తిండి, పరువు, లాభం లెక్క, అన్నీ. గురువుకు మిగిలేది ఒక్క కోరికను తిప్పే పని. వందను ఒకటి చేయడం ఉపవాసాలతో అయ్యే పని కాదని వాళ్ల అనుభవం.

తిప్పడం ఎలాగో, అందులో ఎక్కడ తేడా వస్తుందో రూమీ (1207–1273) తన పెద్ద కావ్యం మస్నవీ మొదటి కథలోనే పెట్టాడు. వేటకు వెళ్లిన రాజు ఒక బానిస పిల్లను చూసి మనసు పడి కొంటాడు. కొన్న కొద్ది రోజులకే ఆమె జబ్బు పడుతుంది. ఆస్థాన వైద్యులు మందులిస్తారు. అన్నీ ఎదురు తిరుగుతాయి. పైత్యం తగ్గించాల్సిన సికంజబీన్ పానకం పైత్యం పెంచుతుంది, బాదం నూనె ఎండబెడుతుంది, కరక్కాయ విరేచనాన్ని బిగబడుతుంది. రాజు చెప్పుల్లేకుండా మసీదుకు పరుగెత్తి ఏడుస్తాడు; కలలో చెప్పినట్టే మర్నాడు కొత్త వైద్యుడొస్తాడు. అతను అందరినీ బయటికి పంపి, ఆమె నాడి మీద వేలుంచి, ఏ ఊరి పిల్లవు, అక్కడ నీవాళ్లెవరు అని ఒక్కో ఊరి పేరు తీస్తాడు. సమర్‌కంద్ దగ్గర నాడి ఎగిరిపడుతుంది. ఏ వీధి, ఏ పేట అని అడిగి చివరికి ఒక కంసాలి దగ్గరికి చేరతాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పకు అని ఆమెతో అంటాడు.

ఇక్కడ వైద్యుడు మందలించడు, నీతులు చెప్పడు. కంసాలిని డబ్బాశ చూపి పిలిపించి, ఆమెనిచ్చి పెళ్లి చేయమంటాడు. ఆరు నెలలు ఇద్దరూ కలిసి ఉంటారు, ఆమె పూర్తిగా కోలుకుంటుంది. ఆ తర్వాత కంసాలికి ఒక పానీయం పడుతుంది. రోజురోజుకూ అతని ఒళ్లు కరిగి అందం పోతుంది, ఆమె మనసులో ప్రేమా చల్లారుతుంది. రంగును చూసి పుట్టిన ప్రేమ ప్రేమే కాదు, చివరికి సిగ్గుగా మిగులుతుంది అన్న ద్విపద ఇక్కడిదే. వ్యాఖ్యాతల లెక్కలో రాజు ఆత్మ, పిల్ల నఫ్స్ (కోరికల మనసు), కంసాలి లోకం, వైద్యుడు పీర్.

చదివేవాడికి గుచ్చుకునేది కంసాలి చావు. ఏ పాపం చేశాడతను? రూమీకీ ఆ ముల్లు తెలుసు. రాజు కామంతో చంపించలేదు, పైనుంచి వచ్చిన ఆజ్ఞ అని, ఖురాన్‌లో దైవజ్ఞాని ఖిజర్ పిల్లవాణ్ని చంపిన ఉదంతంతో పోల్చి, దీర్ఘంగా సమర్థించుకుంటాడు. సమర్థన పూర్తిగా ఒప్పిస్తుందని చెప్పలేం. కానీ కథ పనితీరు మాత్రం స్పష్టం. తొక్కిపెట్టిన ప్రేమకు మందు లేదు. ముందు దాని చిరునామా కనుక్కోవాలి, తర్వాత దాన్ని తీరనివ్వాలి, ఆ తర్వాతే అది ఏ రంగును చూసి పుట్టిందో ఆ రంగు వెలిసిపోవడం ప్రేమించినవాళ్ల కళ్లకే కనబడాలి. మొదటి రెండూ వదిలేసి మూడోదానితో మొదలుపెట్టే గురువులు ఆ ఆస్థాన వైద్యుల్లాంటివాళ్లు.

దాటకూడదన్నవాళ్లు

షిరాజ్ నగరపు రూజ్‌బిహాన్ బఖ్లీ (మరణం 1209) వంతెన మాటనే తిరగేశాడు. ఆయన ప్రేమ గ్రంథం ఒక స్త్రీతో సంభాషణగా మొదలవుతుంది. దేవుడి విషయంలో ఇష్క్ అనే మాట వాడొచ్చా అన్నది అక్కడి చర్చ. మనిషి ప్రేమ, దేవుడి ప్రేమ రెండు పాఠాలు కావు, ఒకే ఇష్క్. మనిషి ప్రేమలో చదవడం నేర్చినవాడే రెండోదాన్ని చదవగలడు అని ఆయన పక్షం.

రూజ్‌బిహాన్ గురించి ఇబ్న్ అరబీ ఒక ఉదంతం రాశాడు. మక్కాలో ఉన్నప్పుడు ఆయన దైవపరవశంలో అరిచే అరుపులకు కాబా చుట్టూ తిరిగేవాళ్లు ఇబ్బంది పడేవారట. అక్కడే ఒక పాటకత్తె మీద మనసు పడింది. అరుపులు, కన్నీళ్లు అన్నీ మునుపటిలాగే ఉన్నాయి. జనం అదంతా దేవుడి కోసమే అనుకుంటున్నారు. రూజ్‌బిహాన్ సూఫీల మధ్యకు వెళ్లి ఖిర్కా (సూఫీ అంగీ) విప్పి వాళ్ల ముందు పడేసి జరిగింది చెప్పాడు. నా స్థితి విషయంలో అబద్ధమాడలేను అన్నాడు. వెళ్లి ఆ పాటకత్తె కొలువులో చేరాడు. ఆయన ఎవరో ఆమెకు తెలిశాక ఆమె పశ్చాత్తాపపడి ఆయననే సేవించడం మొదలుపెట్టింది. ఆ ప్రేమ ఆయన మనసులోంచి వెళ్లిపోయాక తిరిగొచ్చి ఖిర్కా తొడుక్కున్నాడు. ఇందులో ఇబ్న్ అరబీ మెచ్చుకున్నది ఆయన ఆ ప్రేమను వదిలేయడాన్ని కాదు, ఖిర్కా విప్పడాన్ని.

ఇబ్న్ అరబీ (1165–1240) తన విషయంలో కూడా దీన్ని ఎదుర్కొన్నాడు. 1202లో మక్కా చేరినప్పుడు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పండితుడి కూతురు నిజామ్ పరిచయమైంది. ఆమె చదువు, మాట, అందం కారణంగా పుట్టిన 61 కవితలను 1215 ప్రాంతంలో సంపుటిగా కూర్చాడు. ముందుమాటలో తాను ఏ పేరు తలచినా ఆమెనే తలచానన్నాడు. అదే ముందుమాటలో ఇవన్నీ దైవ సంకేతాలేనన్నాడు. అలెప్పోలో ఒక ధర్మశాస్త్ర పండితుడు ఇది వట్టి శృంగారమేనని, సాధువు వేషం కోసం రెండో మాట అంటున్నాడని గేలి చేశాడు. శిష్యులు అడగ్గా ఇబ్న్ అరబీ పాదం పాదానికీ వ్యాఖ్య రాశాడు. వ్యాఖ్య చదివి మూలం వదిలేసేవాళ్లూ, మూలం చదివి వ్యాఖ్యను బుకాయింపు అనేవాళ్లూ ఇప్పటికీ ఉన్నారు. ముందుమాటలోని రెండు వాక్యాల్లో ఏ ఒక్కదాన్ని తీసేసినా ఆయన సిద్ధాంతం కూలిపోతుంది. దేవుణ్ని పదార్థానికి వెలుపల చూడటం అసాధ్యం, స్త్రీలో చూడటమే అన్నిటికన్నా సంపూర్ణమైన దర్శనం అని తర్వాత తన గ్రంథం 'ఫుసూస్' చివరి అధ్యాయంలో తెగేసి రాశాడు. దానికి షరతూ పెట్టాడు. ఒట్టి కోరికతో దగ్గరైనవాడికి దక్కేది ప్రాణం లేని రూపమే. తాను ఎవరి వల్ల సుఖపడ్డాడో వాడికి తెలియదు.

తేడా వచ్చే చోట్లు

ఇవన్నీ పుస్తకాల్లో ఎంత బాగున్నా, ఆచరణలో బాగా రచ్చకెక్కిన వ్యవహారం షాహిద్‌బాజీ. మీసాలు రాని కుర్రవాళ్ల ముఖం చూస్తూ దైవసౌందర్యాన్ని ధ్యానించడమన్నమాట. కిర్మానీ మీద ఉన్న ఆరోపణ ఇదే, షమ్స్ ఎత్తిపొడుపూ దీని మీదే. లాహోర్‌లో సమాధి ఉన్న సూఫీ గ్రంథకర్త హుజ్వీరీ 11వ శతాబ్దంలోనే ఇది నిషిద్ధమని, దేవుడు దేహాల్లో దిగుతాడని నమ్మే వర్గం వదిలిపోయిన మురికి అని రాశాడు. ఎదురుగా ఉన్న కుర్రవాడి ఇష్టాయిష్టాల గురించి, అతని వయసు గురించి ఆ గ్రంథాల్లో ఒక్కరూ అడగలేదు. ఈనాటి పాఠకుడికి ముందు తట్టేది అదే, తట్టాలి కూడా.

రెండో పొరపాటు తక్కువ రచ్చ చేస్తుంది, ఎక్కువమందిని ముంచుతుంది. చాలా తరీకాల్లో (సూఫీ మార్గాల్లో) మురీద్‌కు మనిషి ప్రేమ ముర్షిద్ (గురువు) మీదే మొదలవుతుంది. ముందు ఫనా ఫిష్షేఖ్ (గురువులో కరగడం), ఆపై ఫనా ఫిర్రసూల్ (ప్రవక్తలో), చివర ఫనా ఫిల్లాహ్ (దేవుడిలో). ధ్యానంలో ముర్షిద్ ముఖాన్ని తలచుకోవడం చెదిరిన ఆలోచనలను ఒక చోటికి తేవడానికి. ఆలోచన నిలిచాక ఆ ముఖాన్నీ వదిలేయాలి. వదలనివాడు ఫనా ఫిష్షేఖ్ దగ్గరే ఆగిపోతాడు. వదలనివ్వని గురువు ఉంటే పరిస్థితి మరీ అన్యాయం. శిష్యుడి ప్రేమ అతని ఆదాయమవుతుంది. కొలిమివాడు కనబడకపోతే ముఖం వాడిపోయే రాజు ఇలాంటి గురువుల్లో కనిపిస్తాడు, కానీ అది అహ్మద్ గజాలీ ఉద్దేశించిన రాజు కాదు.

పాటలో వెతకడం

కవిత్వాన్ని చదవడంలోనూ ఇలాంటి తప్పే జరుగుతుంది. 1317లో అజర్‌బైజాన్ ప్రాంతపు సూఫీ షబిస్తరీని ఖొరాసాన్ నుంచి అమీర్ హుసైనీ అడిగిన ప్రశ్నల్లో కళ్లు, పెదవి, కురులు, పుట్టుమచ్చ అంటే ఏమిటి, మధువు, దీపం అంటే ఏమిటి అన్నవీ ఉన్నాయి. ముఖం దైవ ఏకత్వం, దాన్ని కప్పే కురులు లోకంలోని బహుళత్వం అన్న ధోరణిలో షబిస్తరీ పద్యాల్లో జవాబిచ్చాడు. ఆ తర్వాత ఇలాంటి పట్టికలు బోలెడు వచ్చాయి. అవి చేతపట్టుకుని గజల్ చదివితే కురులు కురులుగా ఎప్పటికీ కనిపించవు, కిర్మానీ చెప్పిన 'రూపంలో తప్ప' అన్న మాటకు అర్థమే ఉండదు. జాయసీ 1540లో మొదలుపెట్టిన అవధీ ప్రేమకావ్యం పద్మావత్‌కు కూడా అలాంటి తాళంచెవి ఒకటి చివర్లో తగిలించారు: చిత్తోడు దేహం, రాజు మనసు, చిలుక గురువు. ఆ పద్యం జాయసీది కాదు, తర్వాతివాళ్లు చేర్చింది అని ప్రతులు పోల్చి చూసిన పరిష్కర్తలు దాన్ని పక్కన పెట్టారు. ఆ కథలో రత్నసేనుడు పద్మావతి కోసం జోగిగా వెళ్లినా ఇంట్లో ఉన్న నాగమతిని వదిలేయడు, తిరిగి వస్తాడు. తాళంచెవి పెట్టిన చేతికి నాగమతి అంటే ఒట్టి 'లోకపు జంజాటం'.

తెలుగు పాఠకుడికి మరో చోట చిన్న తికమక. అన్నమయ్య శృంగార కీర్తనలైనా క్షేత్రయ్య పదాలైనా నాయిక స్త్రీ, దేవుడు నాయకుడు. ఆయన తప్పు చేసి వస్తే ఆమె నిలదీస్తుంది కూడా. పారసీ గజల్లో ప్రేమించేది పురుషుడు, దేవుడు మాషూక్. నిలదీయడం కుదరదు, గుమ్మం దగ్గర పడి ఉండటమే. భారతదేశానికి వచ్చాక సూఫీలు ఈ దేశపు వాటం పట్టుకున్నారు. 17వ శతాబ్దంలో బీజాపూర్ చిష్తీలు (చిష్తీ మార్గపు సూఫీలు) దక్ఖనీలో కట్టిన చక్కీనామాలు విసుర్రాయి తిప్పే ఆడవాళ్ల కోసం పుట్టాయి. ఒక దాంట్లో విసుర్రాయి పిడి నిలువుగీతలాంటి అలిఫ్ అక్షరం, అంటే అల్లా; నడిమి ఇరుసు ముహమ్మద్. పిడి పట్టి తిప్పుతూ జిక్ర్ (దైవనామ స్మరణ) మాటలు పాటలో కలిపి పాడతారు. అదే కాలంలో గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా కోరిక మీద వజ్హీ 1635లో రాసిన 'సబ్‌రస్' వచనంలో అఖ్ల్ (బుద్ధి) రాజు, దిల్ (మనసు) అతని కొడుకు, ఇష్క్ ఇంకో రాజు, హుస్న్ (అందం) అతని కూతురు. దర్బారు కోసం రాసిందాన్ని ఇప్పటికీ పాఠ్యాంశంగా చదువుతున్నారు. విసుర్రాయి పాట మాత్రం విసుర్రాయితోనే పోయింది.

వినడానికి ఉన్న షరతులు చూస్తే సూఫీలు ఈ ప్రమాదాన్ని ఎంత లెక్కగా చూశారో తెలుస్తుంది. పాట మనసులో లేనిదాన్ని పెట్టదు, ఉన్నదాన్నే కదిలిస్తుందన్నది మూలసూత్రం. కామం ఉన్న చోట కామం కదులుతుంది. సమాకు (భక్తితో పాట వినడానికి) సరైన సమయం, సరైన చోటు, సరైన తోడు ఉండాలని బగ్దాదు సూఫీ జునైద్ అన్నాడు. ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా (మరణం 1325) నాలుగు షరతులు పెట్టాడు: పాడేవాడు వయసొచ్చిన పురుషుడై ఉండాలి, వినేవాడి మనసు దేవుడి ధ్యాసలో ఉండాలి, పాటలో బూతు, వెకిలితనం ఉండకూడదు, వాద్యాలు ఉండకూడదు. నాలుగో షరతు ఖవ్వాలీలో నిలవలేదు. మొదటిదానికి కారణం షాహిద్‌బాజీ గొడవ తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గుల్బర్గా ఖాజా బందానవాజ్ (మరణం 1422) దక్కన్‌లో కొనసాగించింది ఈ చిష్తీ సంప్రదాయాన్నే.

దర్గా మెహ్‌ఫిల్‌లో (పాట కొలువులో) ఇంకో నియమం ఉంది. ఏదైనా పాదం దగ్గర ఎవరికైనా హాల్ (పరవశం) వస్తే ఖవ్వాల్ ఆ పాదాన్ని మార్చకూడదు. అతను తేరుకునేదాకా అదే పాడాలి. 1235లో ఢిల్లీలో కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ, లొంగుబాటు కత్తికి బలైనవాళ్లకు ప్రతి క్షణం అటునుంచి కొత్త ప్రాణం వస్తుంది అన్న పాదం దగ్గర పరవశుడయ్యాడు. నాలుగు రోజులు అదే పాదం పాడారు. నమాజు వేళకు తేరుకునేవాడు, మళ్లీ మునిగేవాడు, చివరికి ప్రాణం విడిచాడు. మెహ్‌ఫిల్‌లో డబ్బు విషయంలో కూడా మర్యాద ఉంది. పాట నచ్చినవాడు నోటు తీసుకెళ్లి నేరుగా ఖవ్వాల్‌కు ఇవ్వడు. ముందు అధ్యక్షుడిగా కూర్చున్న షేఖ్‌కు వంగి ఇస్తాడు, అక్కడి నుంచి అది పాటగాడికి చేరుతుంది. ఇచ్చిందెవరో పాటలో పేరు మోగదు. టికెట్ కచేరీల్లోనూ పెళ్లి వేదికల మీదా షేఖ్ ఉండడు, నోట్లు నేరుగా పాటగాడి తల మీద వానలా కురుస్తాయి, ఇచ్చినవాడి వైపు కెమెరా తిరుగుతుంది.